రోరిక్ హిమాలయం: భయం లేని ఉదాత్తత

మహాపర్వతం ఎదుట మనిషికి కలిగే కల్లోలాన్ని పాశ్చాత్య సౌందర్యశాస్త్రం 'సబ్లైమ్' అన్నది. తెలుగు విమర్శలో అది ఉదాత్తత. 1757లో వెలువడిన గ్రంథంలో ఎడ్మండ్ బర్క్ దానికి మూలం భయమేనన్నాడు. ఆ భయహేతువు చూపరికి తగినంత దూరాన ఉండాలని మాత్రం షరతు పెట్టాడు. ఆల్ప్స్ దాటుతున్న హానిబల్ సేన మంచుతుఫానులో చిన్నబోవడాన్ని టర్నర్ 1812లో చూపినది ఇటువంటి ఉదాత్తతనే.

ఆ కొలతతో కొలిస్తే నికొలాయ్ రోరిక్ (1874-1947) తక్కువగానే తూగుతాడు. 1928 చివర కులు లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, తుదివరకు అక్కడే ఉండి ఆయన చిత్రించిన శిఖరాలలో తుఫానులు అరుదు. అయితే భరతుడు భయానకాన్నీ అద్భుతాన్నీ వేర్వేరు రసాలుగా నిలిపాడు. అద్భుతానికి స్థాయి విస్మయం. రోరిక్‌ది ఈ రెండవ దారి.

అందుకు టెంపెరా ఆయనకు బాగా అమరింది. నూనెరంగుల మెరుపు దానికి లేదు. వెలుగు రాతిలోనుంచే వస్తున్నట్లు తోస్తుంది. ఎత్తైన చోట గాలి పలుచన, తేమా ధూళీ తక్కువ. దూరపు శిఖరం సైతం మసకబారక అంచు తేరి కనబడుతుంది. మైదానపు చిత్రకారుడు మంచుతెరతో సాధించే దూరాన్ని రోరిక్ నీలం, ఊదా, గులాబి వర్ణాలను పొరలుగా పేర్చి సాధించాడు. చిన్న అట్టముక్కపై వేసిన కొండకు కూడా ఎత్తు తగ్గదు.

శిఖరం ముందు యోగినో, అశ్వారూఢుణ్ణో నిలిపినచోట మాత్రం పట్టు సడలుతుంది. చూపరి పొందవలసిన విస్మయాన్ని ఆ మూర్తి ముందే పొంది, దానికి అర్థం కూడా చెప్పేస్తుంది.

భయం ఆయన ఎరగనిది కాదు. 1927-28 చలికాలంలో ఆయన యాత్రాబృందాన్ని టిబెట్ అధికారులు పీఠభూమిపై నెలల తరబడి నిలిపివేశారు. గుడారాలలో గడిపిన ఆ కాలంలో కొందరు మనుషులు, అనేక పశువులు మరణించారు. ఆ మృత్యుచ్ఛాయ ఆయన హిమాలయాలపై దాదాపు పడనే లేదు. పెద్దన ఇందుకు భిన్నం. మనుచరిత్రలో ప్రవరుణ్ణి మురిపించిన మంచుకొండే పాదలేపాన్ని కరిగించి తిరుగుదారి మూసివేస్తుంది. రోరిక్ కొండ ఎవరి దారినీ మూయదు. అక్కడే కొంత వెలితి. నిర్జన దృశ్యాలలో ఆ ప్రశాంతి భయాన్ని దాటి వచ్చినట్లుంటుంది; మూర్తులున్నచోట, భయాన్ని తప్పించుకున్నట్లు.

1979లో భారత ప్రభుత్వం రోరిక్ చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీలో, వారణాసిలోని భారత్ కళాభవన్‌లో ఆయన చిత్రాలున్నాయి. అటువంటి చోట్ల మూర్తులున్న పెద్ద చిత్రాలు ముందుగా కళ్లను లాగుతాయి. మనిషి జాడలేని చిన్న కొండలకు మరికొంత సమయం ఇవ్వాలి.