పాట కూడా పనిముట్టే

ఏతం తొక్కడం కళ్లారా చూసినవాళ్లు ఊళ్లలో ఇప్పుడు అరుదు. బావి గట్టున నిలువు స్తంభం, దాని మీద పొడవాటి దూలం, దూలం కొసన గడకు వేలాడే బాన. ఒక మనిషి దూలం మీద నడుస్తాడు. బావి వైపు అడుగులేస్తే బాన దిగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. గట్టు మీది మనిషి గడ పట్టుకుని బానను నీళ్లలో ముంచి, పైకొచ్చాక కాలువలోకి వంచుతాడు. తులాదండం ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి పాఠం లేదు.

కానీ ఇద్దరి కదలికా కలవాలి. పైవాడు అరక్షణం తొందరపడితే బాన సగమే నిండుతుంది, ఆలస్యం చేస్తే కిందివాడి రెక్కలు పడిపోతాయి. ఇద్దరినీ కలిపి నడిపేది పాట. లెక్క కూడా పాటదే. ఎన్నో బాన తోడుతున్నారో ఆ అంకె పాటలోనే వచ్చేది. తమిళనాట ఏతం పాటల్లోనూ ఇదే పద్ధతి. గడియారం లేని పొలంలో ఎంత నీరు పారిందో చెప్పిన కొలత అదే.

అలసట తెలియకుండా ఉండడానికి పాడుకునేవారని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాటతో ఈ పాటలకు చాలా అన్యాయం జరిగింది.

వరినాట్లే చూడండి. మునుం పట్టిన ఆడవాళ్లు వరసగా వంగి, బురదలో వెనక్కి అడుగులేస్తూ నాటుతారు. ఎడమ చేతిలో నారు కట్ట ఉంటుంది. కుడి చేతి వేళ్లు రెండు మూడు మొక్కల్ని విడదీసి పైపైనే గుచ్చుతాయి. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయని వాళ్లకు తెలుసు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు వంత పాడతారు. ఆ పాట నడకకే చేతులు ఆడతాయి కాబట్టి ఒకరు ముందుకు పోయి ఇంకొకరు వెనకబడడం ఉండదు, వరస చెదరదు. తాళం వింటుంటే, మనం కదలకపోయినా, మెదడులో కదలికను నడిపే భాగాలు చురుకవుతాయని మెదడు స్కానింగ్‌లలో తేలింది. నాటే చేతులకు ఆ సంగతి ముందే తెలుసు.

పాటలు పనిని నడిపితే, ఏ కార్తెలో ఏ పని చేయాలో సామెతలు చెప్పాయి. వాటికీ ప్రాసే ప్రాణం, అందుకే తరాలు దాటినా మాట చెదరలేదు.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో సాగునూ పాటనూ కలిపే ఈ పద్ధతి నేటికీ బతికి ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. పాత పంటల జాతరలో ఆ విత్తనాలు ఎడ్లబండ్ల మీద పాటలతో ఊరూరా తిరుగుతాయి. మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను ఆ మహిళలే నడుపుతున్నారు. సాగు ముచ్చట్లూ పాటలూ ఒకే గొంతుతో వినిపించే ఆ రేడియో, నా దృష్టిలో, ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసిపోదు.

నాటు యంత్రాలు, కలుపు మందులు వచ్చాక పొలాల్లో పాట తగ్గింది. నడుములకు దొరికిన ఆ విశ్రాంతిని నేను కాదనను. కానీ పాటతో పాటు అందులోని కొలతలూ పోతున్నాయి. మీ ఇంట్లో నాట్లేసిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఆమె పాట రికార్డు చేయండి. ఏ పని చేస్తూ పాడేవారో, ఏ కార్తెలో, ఎలాంటి నేలలో పాడేవారో కూడా తప్పకుండా అడిగి రాసుకోండి.