బాలచిత్రములలో పాట – దాశరథి పాలు

దాశరథి కృష్ణమాచార్యులు 1925 జూలై 22వ తేదీన చినగూడూరు గ్రామమున జన్మించిరి. నాడు వరంగల్లు జిల్లాలోనిదైన ఆ గ్రామము 2016లో జిల్లాలు పునర్విభక్తములైన పిదప మహబూబాబాదు జిల్లాకు చెందినది. ‘అగ్నిధార’ (1949), ‘రుద్రవీణ’ (1950)లు మొదలుకొని, 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమునందిన ‘తిమిరంతో సమరం’ వఱకును వారి కావ్యములను గూర్చి చర్చ జరుగుచునే యున్నది. నిజామాబాదు కారాగారవాసమును, 1977 నుండి 1983 వఱకు ఆస్థానకవి పదవియు తెలియని విద్యార్థి లేడు. సినిమాపాటల కడకు వచ్చుసరికి మాత్రము మన పరిశోధకుల లేఖిని తడబడును. సిద్ధాంతగ్రంథపు చివరి ప్రకరణమున ‘చలనచిత్రగీతములు కూడ రచించిరి’ అని యొక వాక్యము చెప్పి, 1961 నాటి ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’ చిత్రముల పేర్లు పేర్కొని ముగింతురు. అందును పిల్లల కథలతో నిర్మితమైన చిత్రములలో వారి పాలెంత యన్న ప్రశ్న పుట్టనే పుట్టదు. ఈ వ్యాసమున మేమా ప్రశ్నను మాత్రమే పరిశీలింపదలచితిమి.

ముందుగా నొక మాట చెప్పవలెను. వాల్ట్ డిస్నీ చిత్రములకు షెర్మన్ సోదరులు (రాబర్టు, రిచర్డు) వ్రాసినట్లు, బాలచిత్రగీతములే ప్రధానవృత్తిగా గొన్న కవి మనకు లేడు. ‘మేరీ పాపిన్స్’ (1964) పాటలకు ఆ సోదరులు 1965లో ఆస్కారు బహుమానమునందిరి. ఉత్తమగీతమున కిచ్చు ఆ బహుమానమే 2023లో భూపాలపల్లి జిల్లా చల్లగరిగకు చెందిన శ్రీ చంద్రబోసునకును, స్వరకర్త శ్రీ కీరవాణికిని లభించినది. ఈ వార్త రాగానే సినిమాపాటను పరిశోధనాంశముగా నెన్నుకొను ఉత్సాహము విద్యార్థులలో పెరుగుట సహజము. కాని బహుమానమును చూచి వస్తువును గౌరవించుట విమర్శకు తగిన మార్గము కాదు. పాటను పాటగా చూడవలెను.

తెలుగు టాకీయే బాలుని కథతో మొదలైనది. 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’కు పాటలు వ్రాసిన చందాల కేశవదాసు జక్కేపల్లి వాస్తవ్యులు, ఖమ్మము ప్రాంతమంతయు నాడు వరంగల్లు జిల్లాలోనిదే. ఇక ప్రహ్లాదుని తెలుగు బాలుని జేసిన పోతన బమ్మెర నేటి జనగామ జిల్లాలో నున్నది. (ఒంటిమిట్ట వాదమును ఇట స్పృశింపము.) పోతన ప్రహ్లాదుడు అయిదేండ్లవాడు; కాని మాటాడునది వేదాంతము. చండామార్కులు చెప్పిన పాఠమును అప్పగింపడు, తండ్రి యడిగినదానికి మరొకటి చెప్పును. శిశువు నోట ప్రౌఢవాక్కును నిలుపుట మన సాహిత్యమున పాతమర్యాద యనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. అది అసహజమని ఆక్షేపించువారు కలరు. ఆ పద్యములను తరతరములుగా పిల్లలే కంఠస్థము చేసిరన్న విషయమును వారు మఱచుచున్నారు.

మా పరిశీలనకు ముఖ్యమైనవి రెండు చిత్రములు: ‘లేతమనసులు’ (1966), ‘భక్త ప్రహ్లాద’ (1967). రెండును ఏ.వి.ఎం. సంస్థవే. రెంటను దాశరథితోపాటు ఆరుద్రయు పాటలు వ్రాసిరి. ఆరుద్ర జన్మదినము 1925 ఆగస్టు 31. అనగా ఇరువురికి నడుమ నలువది దినముల వ్యవధి మాత్రమే.

‘లేతమనసులు’ కథ దూరమునుండి వచ్చినది. జర్మను రచయిత ఎరిక్ కాస్ట్‌నర్ 1949లో ప్రకటించిన నవల దానికి మూలము. విడిపోయిన తలిదండ్రుల కడ వేర్వేరుగ పెరిగిన కవలపిల్లలు కలిసికొని, స్థానములు మార్చుకొని, పెద్దలను కలుపుదురు. దీనిని డిస్నీ సంస్థ 1961లో ‘పేరెంట్ ట్రాప్’ పేర చిత్రించెను. పాటలు షెర్మన్ సోదరులవి. 1965లో తమిళమున ‘కుళందైయుం దైవముం’, మరునాడే యన్నట్లు తెలుగున ‘లేతమనసులు’, 1968లో హిందీలో ‘దో కలియాఁ’ వచ్చినవి. తమిళమునకును తెలుగునకును దర్శకులు కృష్ణన్–పంజులే, సంగీతము ఎం.ఎస్. విశ్వనాథన్‌దే, కవలలుగా నటించినది కుట్టి పద్మినియే. కావున తెలుగు కవులకు బాణీ ముందే సిద్ధముగా నుండెను.

ఇందొక విశేషమును గమనింపవలెను. ఆంగ్లచిత్రమున పిల్లలు పాడు ఉల్లాసగీతమును, తల్లి నోట వినవచ్చు ప్రణయగీతమును, రెంటిని షెర్మన్ సోదరులే వ్రాసిరి. తెలుగున ఈ రెండు పనులను ఇరువురు కవులు పంచుకొనిరి. శిశువులను దైవసములుగా భావించు పాటయు, తలిదండ్రుల ఎడబాటును కోడికుటుంబపు కథగా జెప్పు పాటయు ఆరుద్రవి. రెంటిని పాడినది పి. సుశీల. నాయికానాయకుల లేఖాగీతము దాశరథిది, పి.బి. శ్రీనివాసు, సుశీల పాడిరి. జనము నోట మూడును నిలిచినవి. కాని బాలసాహిత్యసంకలనమునకు మొదటి రెండు మాత్రమే అర్హములని యెవ్వరైన వెంటనే అందురు. దాశరథి పాట పెద్దల ప్రేమపాట కదా!

ఈ నిర్ణయము తొందరపాటని మాకు తోచుచున్నది. ఆ యుగళగీతము దంపతులు విడిపోవుటకు పూర్వకాలమునకు చెందినది. దానిని కథలోని కవలలు వినలేదు, విననేరరు. వినినది ప్రేక్షకులలోని బాలుడు. పెద్దలను మరల కలుపవలెనని కవలలు చేయు ప్రయత్నమెల్ల దేనికొఱకో, పోయినది ఎట్టిదో, ఆ బాలునకు తెలిసినది ఈ పాటవలననే. దానిని తొలగించినచో ఆరుద్ర పాటలోని కోడిపిల్లల దుఃఖమునకు ఆధారము సడలును. కావున బాలచిత్రగీతములను పరిశీలించువారు విడిపాటను ప్రమాణముగా గొనరాదు. చిత్రమునంతటిని ప్రమాణముగా గొనవలెను. అట్లు చూచినచో బాలుడు పాడు పాట, బాలుడు విను పాట అని రెండు తెగలేర్పడును. దాశరథి పాలు రెండవ తెగలోనిది.

ఇక రచనను చూతము. దాశరథి ఉర్దూ నెఱిగినవారు. ‘గాలిబు గీతాల’ను 1961లో ప్రకటించిరి. ప్రేమలేఖ కనబడగానే గజలు ప్రభావమని వ్రాయుటకు ఉవ్విళ్లూరువారు కొందఱుందురు. వారొక్కసారి తమిళ చిత్రమును చూడవలెను. లేఖ అచ్చటనే యున్నది. అది దాశరథి కల్పన గాదు. ఆయన మార్చినది సంబోధనము. తమిళమున నాయిక లేడికన్నులది. తెలుగున చిలుక అయినది. ‘హరిణాక్షి’ మొదలగు మాటలు మనకు కొఱత గావు, ప్రబంధములనిండ నున్నవి. వానిని విడిచి ఇంటి చూరున వ్రేలాడు పంజరములోని పక్షిని పిలిచిరి. సంబోధన కావున కడపటి అచ్చు సహజముగనే దీర్ఘమై, బాణీలోని సాగుదలకు సరిపోయినది.

ప్రాసకొఱకే చిలుక వచ్చినదని యనవచ్చును. చిలక, లేఖ అన్న మాటలు అంత్యమున అల్పప్రాణ మహాప్రాణ భేదముతో కలియును. పాటలో ఆ భేదము చెవికి పట్టదు. మేమీ మాటను కాదనము. కాని ప్రాసకు కుదురు మాటలలో నేదియో ఒకటి యెన్నుకొనవలసి వచ్చినపుడే కవి రుచి బయటపడును. చిలుక లాలిపాటలలోనిది, అమ్మమ్మ కథలలోనిది. ప్రణయమునకును పసితనమునకును ఉమ్మడి సొత్తు. 1972లో ‘బాలమిత్రుల కథ’కు సి. నారాయణరెడ్డి వ్రాసిన ప్రసిద్ధగీతమున చెలిమికి ప్రతీకలుగా చిలుకయు కోయిలయు వచ్చుట దీనితో పోల్చి చూడదగినది. ఆరుద్ర పాటలోని కోడి పెరటిలో తిరుగునది, దాశరథి పాటలోని చిలుక ఇంటిలో పెరుగునది. ఒకే చిత్రమున ఇరువురు కవులు సంప్రదించుకొనకయే ఇంటిపక్షులను పట్టిరో, సంప్రదించుకొనియే పట్టిరో గాని, ఫలితము పొందికగా నున్నది.

‘భక్త ప్రహ్లాద’లోను పంపకము ఇట్టిదే. లాలిపాట ఆరుద్రది. నారదపాత్ర ధరించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన విష్ణుస్తుతి దాశరథిది. ఇది సంస్కృతపదబహులము, బాలునకు అర్థము గాదని ఆక్షేపణ రావచ్చును. పోతన చెప్పిన కథను జ్ఞప్తికి దెచ్చుకొనినచో సమాధానము అందే దొరకును. లీలావతి నారదుని యాశ్రమమున నుండగా గర్భస్థశిశువు ఆయన వాక్కును వినెను. ప్రహ్లాదుని మొదటి పాఠము అర్థము తెలిసి నేర్చినది గాదు, చెవి బట్టినది. నారదుని పాట విను పాట కావలెననుటలో కథాధర్మమే యున్నది. ‘అగ్నిధార’లో పద్యమును నిప్పుకణికగా వాడిన కవికి వైష్ణవకుటుంబసంస్కారము ఇట శాంతస్వరమున అక్కఱకు వచ్చినది.

ఇంత చెప్పినను దాశరథిని బాలగేయకవి యనుటకు మేము సిద్ధముగా లేము. రెండు చిత్రములు అందుకు చాలవు. శిశువు కంఠమును పట్టుకొనుటలో ఆరుద్రదే పైచేయి. కోడిపాట యంతటి తేట పలుకు దాశరథి చిత్రగీతములలో లేదు. ప్రాంతాభిమానముచే ‘లేతమనసులు’ పాటలన్నియు మనవాడివే యనుట చినగూడూరునకు గౌరవము కూర్పదు. విశాఖపట్టణపు కవికి ఋణపడినదానిని ఋణముగానే చెప్పవలెను.

పాఠనిర్ణయమును గూర్చి ఒక సూచన. విద్యార్థులు రేడియోలోనో రికార్డులోనో విని వ్రాసికొన్నదానినే మూలపాఠముగా గ్రహించుచున్నారు. నాడు టాకీసుల కడ అమ్మిన పాటల పుస్తకములను వెదకి సరిచూచువారు అరుదు. దీనివలని చిక్కు దాశరథి లేఖాగీతమునందే కనబడును. పల్లవిలోని క్రియాపదమును ఒక తావున విరిచిన ‘స్వీకరింపుము’ అనియు, దానికి తరువాతి యక్షరమును జేర్చి విరిచిన ‘స్వీకరింతునా’ అనియు అర్థమగును. మొదటిది లేఖ పంపువాని మాట, రెండవది లేఖ అందుకొనుదాని మాట. స్త్రీపురుషు లిరువురును పాడు గీతమున రెండును పొసగును. బాణీలో ఎచ్చటను విరామము లేనందున వినువానికి రెండును ఒక్కటే. అచ్చులో మాత్రము ఏదో యొకచోట ఖాళీ విడువక తప్పదు. ఏ ముద్రణమున ఎచ్చట విడిచిరో చూడక ఈ పల్లవికి వ్యాఖ్య వ్రాయుట సాధ్యము గాదు.