ఒంటరివి కావన్న మాట

క్యాన్సరు నుంచి కోలుకున్నవారు తోటి రోగిని పరామర్శించటం మేలైన పనే. చెప్పవలసిన మాట ఏమిటన్నదే ప్రశ్న. రొమ్ము కోల్పోయిన టెరీస్ లాసర్ 1950ల ఆరంభంలో అమెరికాలో ఇటువంటి పరామర్శకే ‘రీచ్ టు రికవరీ’ని నెలకొల్పినది. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ రచించిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’ (1980)లో ఆ సంస్థ తరఫున ఒక స్త్రీ ఆమెను చూడ వస్తుంది. దయగల మనిషి, తెచ్చినది మాత్రం లేత గులాబిరంగు ఉన్ని మెత్త! లార్డ్ మేనిఛాయకు అది పొసగదు; పొసగినా ఆమె ధరించదు. ఒంటరితనం పోగొట్టే మేలును ఒప్పుకుంటూనే, ఏమీ జరగనట్లు నటించమనటాన్ని ఆమె తిరస్కరించినది. కోపంలోనూ తప్పని ఈ న్యాయబుద్ధే గ్రంథానికి బలం.

సూరత్‌లోని తెలుగు నేత కుటుంబాల స్త్రీలకు ఈ ఘట్టం చదివి వినిపించాలంటే, ‘కృత్రిమావయవం’ అన్న అనువాదం పనికిరాదు. ‘పెట్టుడు రొమ్ము’ అనాలి. పెట్టుడు పళ్ళన్నప్పుడు వినిపించే ఆ చిన్న ఎత్తిపొడుపు లార్డ్‌కు కావలసినదే.