ఆదరణాంకం పాఠకాభిరుచికి ప్రమాణమా? - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

అంతర్జాల రచనలను పరిశోధనాంశంగా స్వీకరించినవారికి ప్రతి రచన పక్కనా ఒక అంకె కనిపిస్తుంది. లైకులు, ఓట్లు, నక్షత్రాలు - పేరేదైనా దానిని పాఠకాదరణకు ఆధారంగా ఉదహరించడం సులభం. ఆ అంకె ఎలా ఏర్పడిందో విచారించకుండా స్వీకరించడం, పాఠాంతరాలు చూడకుండా ఒకే తాళపత్రప్రతిని ప్రామాణికమనుకోవడం వంటిది. ఆ నిర్మాణాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. గణనపద్ధతి:

రెడ్డిట్ సంస్థ గతంలో బహిరంగపరచిన సోర్స్ కోడ్ ఇందుకు మంచి ఉదాహరణ. అనుకూల ఓట్ల నుంచి ప్రతికూల ఓట్లను తీసివేసి, శేషానికి పది ఆధారంగా సంవర్గమానం కడతారు. దానికి ప్రచురణసమయాన్ని 45,000 సెకన్లతో భాగించగా వచ్చిన విలువను కలుపుతారు. దీనివల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. ఓట్లు 1 నుంచి 10కి పెరిగితే ఎంత లాభమో, 10 నుంచి 100కు పెరిగినా అంతే లాభం. అంటే తొలి ఓటర్ల మాటకే బరువెక్కువ. ఇక 45,000 సెకన్లంటే పన్నెండున్నర గంటలు. అంత ఆలస్యంగా వచ్చిన రచన 10 ఓట్లతోనే ముందువచ్చిన 100 ఓట్ల రచన సరసన నిలుస్తుంది. ఇక్కడ కొలిచేది గుణాన్ని కాదు, కొత్తదనంతో కలిసిన ఆదరణను.

సగటును నమ్మడంలోనూ చిక్కుంది. ఒక్కరు చదివి ఒక్కరూ మెచ్చితే నూరుశాతం. నూరుమందిలో తొంభైమంది మెచ్చితే తొంభైశాతం. మొదటిదే మేలైనదని సగటు చెబుతుంది. ఎడ్విన్ విల్సన్ 1927లో ప్రతిపాదించిన పద్ధతిలో, 95 శాతం విశ్వాసస్థాయి వద్ద, వీటి కనిష్ఠ అంచనాలు సుమారు 21, 83 శాతాలు. క్రమం తారుమారైంది.

3. అంకె అభిరుచిని మలచడం:

సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 2006లో ప్రకటించిన ప్రయోగంలో పద్నాలుగువేలమందికి పైగా శ్రోతలు అంతగా పేరులేని బృందాల 48 పాటలు విన్నారు. కొందరికి ఇతరుల డౌన్‌లోడ్ల సంఖ్య కనిపించింది, కొందరికి కనిపించలేదు. సంఖ్య కనిపించిన వారిని ఎనిమిది వేర్వేరు సమూహాలుగా ఉంచితే, ఒకే పాట ఒకచోట పైకి, మరొకచోట కిందికి చేరింది. అయితే మిక్కిలి మంచి పాటలు అరుదుగానే అడుగంటాయి. కనుక అంకెకు గుణంతో సంబంధమే లేదనడమూ తొందరపాటే.

మన అలంకారికులు చెప్పిన సహృదయుడు కావ్యానుశీలనంతో మనసును అద్దంలా చేసుకున్నవాడు. అంకె అతనికీ, తొందరలో మీట నొక్కినవానికీ భేదం చూపదు.

4. ముగింపు:

ఆదరణాంకాన్ని పరిశోధకులు విసర్జించనక్కరలేదు. సేకరించిన తేదీ, రచన వయస్సు, ఓటువేసినవారి సంఖ్య, వరుసక్రమం నిర్ణయించే పద్ధతి తెలిసినంతమేర నమోదుచేయాలి. అప్పుడది రచన ఎలా ప్రచారమైందో చెప్పే సాక్ష్యమవుతుంది. విలువ నిర్ణయం మాత్రం రచనను చదివిన విమర్శకుని బాధ్యతగానే మిగులుతుంది.