ఎవరూ విత్తని కూర

తొలకరి పడి నెల తిరిగాక జహీరాబాద్ దిక్కు ఎర్రనేలల్లో జొన్న సాళ్ల మధ్య నడిచి చూడండి. మనకు కనిపించేది కలుపు. కలుపు తీసే ఆడవాళ్లకు కనిపించేది ఆ పూట కూర. గునుగు, తుమ్మి, చెంచలి, దొగ్గలి, గంగవాయిలి, ఎలుకచెవి, తెల్లగర్జెల! ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. చేను ఎవరిదైనా కూర తెంపుకునే మనిషిని అడ్డుకోరు. అందుకే గుంట భూమి లేని ఇంట్లోనూ పప్పులోకి ఆకు ఉండేది.

కూర ఏరే ఈ విద్యను నేను మా అమ్మమ్మ చేతుల్లో చూశాను. కుడిచేయి కలుపు పీకుతుంటే ఎడమచేయి చిగుళ్లు గిల్లి ఒడిలో వేసేది. నడుము ఎత్తకుండానే సాలు దాటేది. ఇంటికొచ్చి ఒడి చాటలో గుమ్మరిస్తే ఒక్క ముదురాకు ఉండేది కాదు, ఒక్క తప్పు మొక్క ఉండేది కాదు. గంగవాయిలి పక్కనే నేలబారుగా నానబాలు పాకుతుంది. కొత్తవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. ఆమె కాడ తుంచి చూపించేది: "పాలు గారితె పారెయ్, నీళ్లు గారితె పప్పులెయ్ బిడ్డా!" వృక్షశాస్త్రం పాఠం ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

వంటలో నేర్పు ఇంకా గొప్పది. గునుగును పూత రాకముందే తెంపాలి, కంకి వేసిందా ఇక నారే. ఆ కంకులు బతుకమ్మకు. వినాయక చవితికి వండే తుమ్మికూర చేదు. ఉడికించి, గట్టిగా పిండి, ఎల్లిగడ్డ దండిగా వేసి తాలింపు పెడితే ఆ చేదే రుచి అవుతుంది. గంగవాయిలికి పులుపు పుట్టుకతోనే ఉంది, కాబట్టి చింతపండు సగమే. ఎక్కువ కలియబెడితే జిగురు. అసలు పనితనం నాలుగైదు ఆకులు కలిపి వండే కలగూరలో బయటపడుతుంది. కాడలు గట్టివి ముందు, గంగవాయిలి చివర, దించేముందు పల్లిపొడి. వేడి జొన్నరొట్టెతో ఒక్క ముద్ద తిన్నవాళ్లు మళ్లీ అడక్కుండా ఉండలేరు.

గంగవాయిలి ఆకులో ఒమేగా-3 కొవ్వు ఉందని శాస్త్రజ్ఞులు తేల్చారు. గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలోనూ ఇదే మొక్కను తింటారు. అక్కడ దీని పేరు గ్లిస్త్రిదా. చలికాలపు వానలకు ఒలీవ తోటల్లో మొలిచే అడవి ఆకులను అక్కడి అవ్వలు చిన్న కత్తితో కోసి తెచ్చి, ఉడికించి, ఒలీవ నూనె, నిమ్మరసం పోసుకుని తింటారు. వాటిని ఖోర్తా అంటారు. తిండికీ గుండె జబ్బుకూ లంకె వెతుకుతూ 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనం పుణ్యమా అని క్రీట్ తిండికి లోకమంతా దండం పెట్టింది. మన అవ్వల కూరకు మాత్రం పేదల తిండి అన్న పేరే మిగిలింది. ఇది నాకు కడుపు మండే మాట.

ఇప్పుడు ఎటు చూసినా పత్తి, పత్తి సాళ్లలో గడ్డిమందు. కూలి గిట్టక రైతు ఆ డబ్బా పట్టాడని నాకూ తెలుసు. కానీ ఆ మందుకు గునుగైనా గడ్డైనా ఒకటే. కూర పోయిన చోట గట్ల నిండా వయ్యారిభామ కమ్ముకుంది. ఇక పట్నంలో ఒక హోటల్ 'పల్లె కలగూర' అని పెట్టింది తిన్నాను. పాలకూర, తోటకూర, పైన ఇంత నెయ్యి! ఆ ఆకుల పేరు చెప్పుకునే అర్హత ఆ గిన్నెకు లేదు.

ఈ కూరల విలువ చాటినవాళ్లలో నా దృష్టిలో ముందు నిలిచేవి జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఊరూరా తిప్పారు. 2008లో సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఆ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బడి ముఖం చూడని దళిత మహిళలెందరో ఆ సంఘాల్లో ఉన్నారు. వాళ్లకు తెలిసినంత ఆకు మనలో ఎవరికి తెలుసు?

మందు కొట్టే అన్నలారా, ఒక్క గట్టు వదిలిపెట్టండి. పిల్లలున్న తల్లులారా, ఈ వానకాలం ఒక్కరోజు ఊళ్లో అవ్వ వెంట వాళ్లను చేలోకి పంపండి. మా అమ్మమ్మ ఎంత కూర తెంపినా గట్టు మూల రెండు గునుగు మొక్కలను ముట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే, "అవి వచ్చే ఏటికి" అనేది.