చెరువు గట్టు మీది విద్య

మా ఊరి పక్షి పరిశీలకుల బృందం ఈ నెలతో ఆగిపోతోంది. నడిపించిన పెద్దలకు మోకాళ్లు సహకరించడం లేదు, కుర్రవాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోయారు. చెప్పుకోవలసింది ఆ పెద్దలు నేర్పిన పని గురించి.

పక్షిని చూడటం అందరూ చేసేదే, లెక్క రాయడం విద్య. తెల్లవారేసరికి గట్టెక్కి, ఎండ వీపున పడేలా నిలబడాలి. ఎదురెండలో రంగులు తెలియవు. నీటి మీద నామాలకోళ్ల గుంపు ఉంటే ముందు ఓ పదింటిని విడిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర పరుచుకున్నాయో చూసుకుని, ఆ కొలతతో మిగతా గుంపును అంచనా కట్టాలి. తీతువు అరిచిందంటే కాసేపు ఎవరూ కదలకూడదు. అనుమానం ఉన్నచోట పేరు బదులు ప్రశ్నార్థకం పెట్టేవారు. ఆ నిజాయితీ ముందు నాకు ఏ పాండిత్యమూ ఆనలేదు.

1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అందులో శాస్త్రవేత్తలకు తోడుగా ఐతన్న అనే స్థానిక వేటగాడి చూపు ఉంది. ఊరివాళ్ల కళ్లకు అంత విలువ!

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. బృందం లేకపోయినా మన చెరువు లెక్క అందులో చేరాలి. బైనాక్యులర్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు కూడా, గణన రోజు ఉదయం ఒక నోటుబుక్కు పట్టుకుని గట్టు మీదికి రండి.