బైబిలమ్మగారి ఉద్యోగం

పలకరింపుకి వెళ్ళడం ఒక విద్య అని నాకు చూపించినామె పోయిన నెలలో ప్రభువునందు నిద్రించారు. కృష్ణ ఒడ్డున మా చిన్న పట్నంలో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పాస్టరుగారి భార్య అమ్మగారు, ఈమె బైబిలమ్మగారు. మా సంఘం ఏ మిషన్‌కి చెందిందో ఇక్కడ చెప్పను. ఈ కథ అన్ని సంఘాల్లోనూ కాస్త అటూఇటుగా ఇలాగే ఉంటుంది.

భూస్థాపన రోజున షామియానా కింద మైకు పట్టుకున్న ప్రతివారూ “ఎంతో భక్తిగల తల్లి” అన్నారు. నిజమే, భక్తురాలే. కానీ ఊళ్ళో పేరున్న వడ్రంగి పోతే అతను చేసిన తలుపుల ఊసెత్తకుండా భక్తి గురించే చెప్పి కూర్చుంటామా? ఆమె చేసింది ఉద్యోగం. జీతం ఉండీ లేనట్టుండే ఉద్యోగం. అందులో ఆమెది గొప్ప పనితనం. దాని గురించి ఒక్కరూ నోరెత్తలేదు కనక ఈ వారం కాలమ్ దానికే.

బైబిలు స్త్రీలు అనే పనివారు మన తెలుగు నేల మీద నూట యాభై ఏళ్ళకు పైగా ఉన్నారు. మగ మిషనరీ గడప దాటలేని ఇళ్ళు అప్పట్లో చాలా ఉండేవి. దొరసానులు తెలుగు నేర్చుకున్నా వంటింటి మాటలు పట్టుబడేవి కావు. ఆ ఇళ్ళలోకి వెళ్ళగలిగింది మన ఆడవాళ్ళే, వాళ్ళలోనూ ఎక్కువమంది భర్త పోయినవాళ్ళు. చదవడం నేర్పి, చేతికి బైబిలిచ్చి, కొద్దిపాటి జీతం మీద ఊళ్ళ వెంట పంపారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి ఆడవాళ్ళకు వైద్యం మొదలుపెట్టారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో మంచం పక్కన కూర్చుని రోగికి ధైర్యం చెప్పే పని కూడా వీళ్ళకే పడింది. ఆ కాలపు ఫొటోల కింద దొరసాని పేరుంటుంది. పక్కన తెల్లచీరలో నిలబడ్డ మనిషికి చాలాసార్లు పేరుండదు, “బైబిలు స్త్రీ” అని మాత్రం ఉంటుంది.

మా బైబిలమ్మగారు పొద్దున పూట ఏ ఇంటికీ వెళ్ళేవారు కాదు. మిరపకాయ కోతల రోజుల్లో మా పేట ఆడవాళ్ళు చీకటితో లేచి ట్రాక్టరెక్కి, పొద్దుగూకాక దిగేవారు. వాళ్ళు ఒళ్ళు కడుక్కుని పొయ్యి ముట్టించేదాకా ఆగి, అప్పుడు వచ్చేవారామె. కుర్చీ వేస్తే కూర్చోరు. పొయ్యి దగ్గరే పీట వాల్చుకునేవారు. చేతిలో పనున్న మనిషి మనసులో మాట తేలిగ్గా బయటపెడుతుందని ఆమె నమ్మకం. రాగానే మంచినీళ్ళు అడిగేవారు. దాహమై కాదు, గ్లాసు అందించే చేతుల కోసం. గాజులున్నాయా, తాకట్టుకు పోయాయా, మణికట్టు మీద కమిలిన మచ్చేమైనా ఉందా అన్నీ ఆ ఒక్క క్షణంలో చూసేవారు. “ఏమైందే?” అని అడగగా నేనెప్పుడూ వినలేదు. “ఏం కూరే ఇవాళ?” అనేవారు. వరసగా మూడు పూటలు పచ్చిపులుసే అని జవాబొస్తే ఇంట్లో డబ్బు ఆడటం లేదని ఆమెకు తెలిసిపోయేది.

ప్రార్థన మాత్రం చాలా చిన్నది. “ఆకలిగా ఉన్నోళ్ళ ముందు పెద్ద ప్రార్థన చేస్తే అది మనకే వినపడుద్దమ్మాయ్, పైకి పోదు” అన్నారు నాతో ఒకసారి. జబ్బు మనిషి దగ్గర 121వ కీర్తన చదివేవారు, 23వది చదివేవారు కాదు. మా వైపు ఇరవై మూడు సమాధుల తోటలో చదువుతారు. అది ఎత్తుకుంటే తన పని అయిపోయిందనుకుని రోగి హడలిపోతాడని ఆమె భయం. ఇలాంటి సంగతులు ఏ శిక్షణ పాఠశాలలోనూ చెప్పరనుకుంటాను. ఒక ఇంట్లో విన్నమాట ఇంకో ఇంటి గడప తొక్కనిచ్చేవారు కాదు. చిన్న పట్నంలో బతికినవాళ్ళకు తెలుస్తుంది అదెంత కష్టమో.

ఆమె చేతిలో ఉన్న ఇంకో పని పిడికెడు బియ్యం. తెలియని పాఠకుల కోసం చెబుతాను: వంటకు బియ్యం కొలుచుకున్నాక, ఎసట్లో పోసేముందు, ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. స్త్రీల సమాజం వాళ్ళు వచ్చి వాటిని పోగుచేసుకుని, అమ్మి సంఘానికి వాడతారు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం వాళ్ళు 1910 ప్రాంతంలో మొదలుపెట్టిన ఇదే పద్ధతి ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు తెచ్చిపెడుతోంది. మా దగ్గర అంత వ్యవహారం లేదు, ఒక గోనెసంచీ, ఒక సోల, అంతే. బైబిలమ్మగారు డబ్బా ఎత్తగానే బరువును బట్టి ఆ ఇంటి సంగతి పోల్చుకునేవారు. తేలిగ్గా ఉంటే మారుమాట్లాడకుండా తీసుకుని వెళ్ళి, చీకటిపడ్డాక సంచీలోంచే ఆ ఇంటికి బియ్యం పంపేవారు. కోశాధికారి లెక్క అడిగితే “ఎలకలు తిన్నాయి, రాసుకో” అనేవారు. పేదవాళ్ళ విషయంలో ఇంత మెత్తన కదా, ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం గట్టి మనిషి. ఇంట్లో సన్నబియ్యం తింటూ డబ్బాలో రేషన్ బియ్యం వేసినవాళ్ళకు తిరిగి ఇచ్చేసేవారు. “మీరు తినేదే వెయ్యండమ్మా, దేవుడికి వేరే కార్డు లేదు.”

ఇక పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో పోయినవారు. ఆయన కట్టిన పాటలు మన సంగీతం వాసనతోనే ఉంటాయి. చివరి రోజుల్లో శుక్లాలు ముదిరి పుస్తకం కనపడకపోయినా ఆమె ఏ పాటైనా ఎత్తుకోగలిగేవారు. సాయంత్రం కూడికల్లో శ్రుతి బాగా దించి పాడేవారు. రోజంతా మిరపఘాటు పీల్చిన గొంతులు పై స్థాయికి లేవవు కదా. ఇప్పుడు మా చర్చిలో కీబోర్డూ, మనిషెత్తు స్పీకర్లూ వచ్చాయి. వాయించే కుర్రాడు మంచివాడే. అతని శ్రుతికి అందక వెనక చాపల మీది ఆడవాళ్ళు పెదవులు మాత్రం కదుపుతున్నారు.

పేటలో ఏ ఆడమనిషి పోయినా స్నానం చేయించి చీర కట్టేది బైబిలమ్మగారే. బతికున్న మనిషితో మాట్లాడినట్టే “చెయ్యి తియ్యమ్మా” అంటూ కట్టేవారు. ఆమె పోయినరోజు లోపలి గదిలో ఎవరు ముందుకు రావాలో తెలియక మేమంతా కాసేపు ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

తర్వాత కాగితాల గొడవ మొదలైంది. చర్చి భూస్థాపన రిజిస్టరులో బాప్తిస్మం పేరు. ఆధార్‌లో, రేషన్ కార్డులో పుట్టినప్పటి పేరు. బ్యాంకులో ఉన్న నాలుగు రూపాయల కోసం కొడుకు రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేస్తూ తిరుగుతున్నాడు. ఇలా రెండు పేర్లతో బతికేవాళ్ళు మా పేటల్లో చాలామంది ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. పిల్లల చదువు, ఉద్యోగం కుల ధ్రువీకరణ కాగితం మీద ఆధారపడ్డప్పుడు తల్లి ఏ పేరు ఎక్కడ రాయిస్తుందో పక్కనుండి తప్పుపట్టడం తేలిక.

అయితే రెండు పేర్లలో ఏ పేరు మీదా ఆమె పని చేసిన ఏళ్ళు మాత్రం రాసి లేవు. ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పింఛనుతోనే చివరి రోజులు గడిపారు. జీవితమంతా తిరిగి పనిచేసిన సంఘం ఏటా క్రిస్మస్‌కి ఒక చీర పెట్టింది. దక్షిణ ఇండియా సంఘంలో 2013లో నంద్యాల బిషప్‌గా ఇ. పుష్పలలిత గారు తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆడవాళ్ళు పీఠం దాకా వెళ్ళినందుకు సంతోషమే. పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని సంఘాన్ని నిలబెట్టినవాళ్ళను పట్టించుకోవడమే మిగిలింది.

మీ సంఘంలోనూ ఇలాంటి పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. క్రిస్మస్ చీర ఎలాగూ పెడతారు. ఈసారి కమిటీ మీటింగులో ఆమెకు నెలకింత పింఛనని తీర్మానం చెయ్యండి. ఆమె ఏ ఏడు పనిలో చేరిందో, ఏయే పేటలు తిరిగిందో అడిగి, మినిట్స్ పుస్తకంలో రెండు పేర్లతోనూ రాయించండి. ఆమె బతికుండగానే ఆ పని చెయ్యండి.